పుడిసెడు గోదారి నీళ్ళు

కొండల్లో ఫితూరీ లేచిన ఏడాది, వేసవిలో, నేనొక దొరని పడవలో ఎక్కించుకుని పాపికొండల దాకా తీసుకెళ్ళాను. ఆ సంగతి రాజమండ్రి రేవులో ఎవర్నడిగినా చెప్తారు. చెప్పడమేంటి, నా ఎదుటే నాకే చెప్తారు, నేనేదో కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాణ్ణయినట్టు. "పల్లంరాజు నీళ్ళు పట్టి మాటిస్తే కొండోళ్ళు కూడా తుపాకీ దించేశారండీ బాబూ" అంటారు. నేను తల వంచుకుని వల బాగుచేసుకుంటున్నట్టు నటిస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే తంతు. రైలు వంతెన వచ్చాక మా పడవల్ని పలకరించే నాథుడు లేడు గానీ ఆ కథ మాత్రం చావలేదు. నా నోటితో నేనే ఉన్నదున్నట్టు చెప్పేస్తే పీడా వదిలిపోతుంది.

ముందు మా పడవవాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి. రేవులో ఇద్దరికి తగవొస్తే మేం కచేరీకి వెళ్ళం. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, కుడిచేత్తో పుడిసెడు నీళ్ళు తీసుకుని, ఆ నీళ్ళు చేతిలో ఉండగానే చెప్పాల్సింది చెప్పి, మళ్ళీ గోదాట్లోనే పోసెయ్యాలి. అంతే. ఆ మాటకి ఇక తిరుగు లేదు. నీళ్ళు పట్టి అబద్ధమాడితే ఆ ఇంట్లో మనిషిని ఒకర్ని గోదారమ్మ తీసుకుపోతుందని మా నమ్మకం. మా నాన్న తన జన్మ మొత్తంలో రెండుసార్లు పట్టాడు. నేను ఆ వేసవి దాకా ఒక్కసారి కూడా పట్టలేదు.

కల్లుగీత మీద పన్ను వేశారని, పోలీసులు కాల్చుకు తింటున్నారని ఆ ఏడు కొండవాళ్ళు తిరగబడ్డారు. ఠాణాలు తగలబడ్డాయి. పటాలాలు దిగాయి. ఉప్పూ గింజలూ ఫితూరీదార్లకి చేరతాయని మా పడవల్ని పైకి వెళ్ళనివ్వడం మానేశారు. తెల్లవాడు ఎక్కిన పడవయితేనే ఠాణా దగ్గర ఏటికి అడ్డంగా కట్టిన తాడు ఎత్తుతారు. మిగతావాళ్ళం రేవులో పడవలు కట్టేసుకుని కూర్చున్నాం.

నాకు కూర్చోవడం కుదరలేదు. నా ఒక్కగానొక్క కూతురు లోవలక్ష్మి పైనే ఉంది, ఇప్పలరేవులో. మా అల్లుడు చినబాబు అక్కడ వెదురు తెప్పలు కట్టేవాడు. ఏడో నెల రాగానే పిల్లని పురిటికి తెచ్చుకుందామని మేం ముహూర్తం కూడా పెట్టుకున్నాం. ఇంతలో ఏరు మూసేశారు. గట్టు వెంట నడిచొచ్చిన తెప్పలవాడు ముసలయ్య మా గుమ్మంలో కూలబడి చెప్పాడు.

"చినబాబుని పటాలం వాళ్ళు మూటలు మోయడానికి పట్టుకుపోయేరు మావా. పిల్ల ఒక్కత్తే ఉంది. ఊళ్ళో గింజలు అయిపోయేయి. ఇప్పపువ్వు ఉడకేసుకుని తింటన్నారు. పటాలం మళ్ళీ వస్తే ఊరు తగలబెట్టేస్తారంట."

"దార్లో ఎలా ఉంది?" అన్నాను.

"నీకేంటి భయం? నీది ఉప్పు పడవని కొండోళ్ళందరికీ తెలుసు. తెల్లటోపీ కనపడితే మాత్రం ఇంకేం చూడట్లేదు, కొట్టేస్తన్నారు. మొన్న ఒక పోలీసు దొర పోయేడు."

ఈ మాట నేనూ విన్నాను, నా భార్య రత్తమ్మా విన్నది, ఆమె తమ్ముడు బుల్లబ్బాయీ విన్నాడు. బుల్లబ్బాయి నా పడవలో గెడ వేసేవాడు. పదేళ్ళప్పట్నించీ నా చేతికింద పెరిగిన మనిషి.

ఆ వారంలోనే దిగాడు పువ్వుల దొర. ఆయన అసలు పేరు నాకు నోరు తిరగలేదు. ఇంగ్లీషువాడు కాడట, జర్మనీ అనే దేశమట. రేకు పెట్టెలూ, కట్టలు కట్టలు కాగితాలూ వేసుకుని, కొండల మీద పూసే పువ్వులు ఏరుకోవడానికి అంత దూరం నించి వచ్చాడు. మద్రాసులో ఎవరో ముసలి పంతులు దగ్గర తెలుగు నేర్చాడు. నోరు తెరిస్తే పురాణం చదువుతున్నట్టుండేది. "పల్లంరాజుగారూ, మీ నావ మిక్కిలి దృఢముగా నున్నది" అన్నాడు మొదటి రోజు. బుల్లబ్బాయి నవ్వాపుకోలేక గెడ వదిలేసి అటు తిరిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నన్ను గారూ అని పిలిచినవాడు అంతకుముందు లేడు.

కచేరీలో ఆయనకి చీటీ ఇచ్చారు గానీ, పైకి వెళ్తే తమ పూచీ లేదని అందులోనే రాసిచ్చారట. ఆయన వెళ్ళాలా మానాలా అని రెండు రోజులు రేవులోనే తిరిగాడు. రత్తమ్మ ఆయన్ని గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

"ఆ దొర ఎక్కితే మన పడవ వెళ్తుంది కదా మావా" అంది.

"ముసలయ్య ఏం చెప్పేడో విన్నావుగా."

"విన్నాను. నా కూతురు ఇప్పపువ్వు తింటందని కూడా విన్నాను." ఆమె బియ్యం మూట కట్టడం మొదలెట్టింది.

మర్నాడు పొద్దున్నే దొర పడవ దగ్గరికి వచ్చాడు. "మార్గము క్షేమమేనా? కచేరీవారు భయపెట్టుచున్నారు" అన్నాడు.

"క్షేమమేనండి బాబూ."

"అటులైన నీరు చేతబట్టి చెప్పుడు."

ముందురోజు రేవులో ఇద్దరు వల కోసం తగవు పడి నీళ్ళు పట్టడం ఆయన చూశాడట. ఆ వైనమంతా అడిగి పుస్తకంలో రాసుకున్నాడట. కచేరీ కాగితం కంటే అదే నమ్మదగ్గదని తోచిందేమో, చిన్నపిల్లాడిలా ఉబలాటంగా నిలబడ్డాడు.

గట్టు మీద రత్తమ్మ బియ్యం మూట చంకనెత్తుకుని చూస్తోంది. నేను నీళ్ళలోకి దిగాను. పుడిసిలి నిండా తీసుకున్నాను. తీసుకుని, వేళ్ళు కొంచెం సడలించాను. గొంతు సవరించుకున్నాను, తలపాగా సర్దుకున్నాను, పొద్దుకేసి చూశాను. ఈలోగా నీళ్ళు బొట్టుబొట్టుగా కారిపోయాయి. చేతి తడి తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడన్నాను.

"మీకేం భయం లేదండి దొరగారూ. పూచీ నాది."

అని ఆ ఒట్టి చెయ్యి గోదాట్లో ఒంపాను. నీళ్ళు లేవు గనక అది ఒట్టు కాదు, గోదారమ్మకి నేనేం అపచారం చెయ్యలేదు, మోసపోయింది దొర ఒక్కడే. ఇదీ నా లెక్క. సిగ్గులేకుండా ఆ తెలివికి లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. తలెత్తేసరికి పడవ ముక్కు మీంచి బుల్లబ్బాయి నా చేతికేసే చూస్తున్నాడు.

ఎదురు ప్రయాణం మూడు రోజులు. మధ్యాహ్నం దాటాక సముద్రం నించి గాలి లేస్తుంది, తెరచాప ఎత్తేస్తాం. పొద్దుట పూటంతా గెడలూ, గట్టుమీంచి తాడు లాగుడూ. దొర ఊరికే కూర్చునే రకం కాదు. మాతోపాటు తాడు పట్టి లాగాడు. మేం వండిన చేపల పులుసు తిని, ముక్కూ కళ్ళూ కారుతుంటే "అమృతము, అమృతము" అన్నాడు. గట్టున మొలిచిన పిచ్చిమొక్కని కూడా కాగితాల మధ్య పెట్టి, పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు కప్పేవాడు. బుల్లబ్బాయికి ఆయనంటే రెండో రోజుకే ప్రాణం. ఒక్క కొండ కనబడితే చాలు, దాని పేరు, దానిమీద ఏం పూస్తుందో ఇద్దరూ కూర్చుని చెప్పుకునేవాళ్ళు. నాతో మాత్రం బుల్లబ్బాయి పనికి కావలసిన మాటలే మాట్లాడాడు.

పోలవరం దాటాక ఠాణా ఉండేది. ఏటికి అడ్డంగా మోకు కట్టి ఉంచారు. జమేదారు భీమరాజు బయటికొచ్చి దొరకి సలాం పెట్టాడు.

"పైన ఏం బాగాలేదండి. నా మాట విని వెనక్కి తిరగండి" అన్నాడు.

"భయము లేదు. పల్లంరాజుగారు గోదావరి జలము చేతబట్టి చెప్పిరి" అన్నాడు దొర. ఎంత గర్వంగా అన్నాడో!

భీమరాజుది నరసాపురం వైపు. ఏటి ఒడ్డున పుట్టినవాడు. దొరనొదిలేసి నాకేసి తిరిగాడు. "ఏంటి పల్లంరాజూ, నీళ్ళు పట్టేవా?"

"పట్టేనండి" అన్నాను. అందులో అబద్ధం లేదు మరి, పట్టాను కదా.

"అయితే ఇంకేంటి" అని ఆయన మోకు ఎత్తించేశాడు. ఆ కట్టుబాటే లేకపోతే ఆయన మమ్మల్ని చస్తే వదిలేవాడు కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, బుల్లబ్బాయికీ తెలుసు.

కొండల సందులోకి రాగానే, "దొరగారూ, ఆ టోపీ తీసేసి నా తలపాగా చుట్టుకోండి, చల్లగా ఉంటుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "టోపీ యెండ కొరకే గదా, పల్లంరాజుగారూ?"

ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. గెడ అందుకున్నాను.

మూడో రోజు ఎండ నడినెత్తికొచ్చేవేళ ఇప్పలరేవు చేరాం. ఊరని పేరే గానీ అరడజను గుడిసెలు, అందులో సగం ఖాళీ. మా పడవ చూసి లోవలక్ష్మి గట్టు దిగి వచ్చింది. పిల్ల చేతులు పుల్లల్లా అయిపోయాయి, కడుపు ఒక్కటే కనిపిస్తోంది. "నాన్నా" అని నా భుజం పట్టుకుని వదల్లేదు. బుల్లబ్బాయి మేనకోడల్ని ఎత్తుకున్నంత పని చేసి పడవలో చాప మీద కూర్చోబెట్టాడు. నా పని అయిపోయింది. ఇక తాడు విప్పుకుని వచ్చిన దారిన పోవడమే.

దొర కొండవాలుకేసి వేలు చూపించాడు. రేవుకి కొంచెం పైన, మద్దిచెట్టు కొమ్మ మీద బదనిక గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. "దీని కొరకే వచ్చితిని. ఒక్క గడియ" అన్నాడు.

"వద్దండి. గాలి తిరిగిపోతుంది. వెళ్ళిపోదారండి."

"భయమా?"

"అబ్బే, భయమేంటండీ."

"మరి?" అని, రేకు పెట్టె భుజాన తగిలించుకుని, టోపీ సర్దుకుని ఎక్కిపోయాడు.

"నిజం చెప్పెయ్ బావా" అన్నాడు బుల్లబ్బాయి. "ఇప్పుడయినా కేకేసి చెప్పెయ్."

"వచ్చేస్తాడ్రా. ఎంతసేపు?"

తుపాకీ ఒక్కసారే పేలింది. పక్షులన్నీ లేచాయి. పొదల్లో ఏదో దొర్లిన చప్పుడయింది. తర్వాత దొర కేక వినిపించింది.

"పల్లంరాజుగారూ!"

పడవలో లోవలక్ష్మి కడుపు పట్టుకుని ముందుకి వంగిపోయింది. బుల్లబ్బాయి అప్పటికే గట్టు మీదకి దూకేశాడు.

"ఎక్కరా" అన్నాను.

"దొరో?"

"ఎక్కమన్నానా!"

వాడు లోవలక్ష్మికేసి చూశాడు. ఒక్క మనిషి చేత ఆ సుడుల్లో పడవ సాగదని వాడికి తెలుసు. వెనక్కొచ్చి ఎక్కాడు. నేను గూటానికి కట్టిన తాడు ముడి విప్పాను. కొయ్యలేదు, తెంపలేదు, నెమ్మదిగా ముడి విప్పాను. ఇంకోసారి వినిపించింది, "పల్లంరాజుగారూ!" అని. ఆ ఒడ్డు నించి ఏటివాలుకి పడవని తోసింది నేనే.

ఠాణా దగ్గర భీమరాజుతో, కాల్పులు మొదలయ్యేసరికి తాడు తెగి పడవ కొట్టుకొచ్చేసిందని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. పటాలం వస్తే గానీ అక్కడికి మనుషుల్ని పంపడానికి లేదన్నాడు. ఆ తడవ నన్ను నీళ్ళు పట్టమని ఆయన అడగలేదు. ఒకసారి పట్టినవాణ్ణి ఎవరూ అడగరు.

రాజమండ్రి రేవులో దిగగానే బుల్లబ్బాయి తన గుడ్డల మూట తీసుకున్నాడు. "అంతర్వేది పోతన్నాను బావా. సముద్రం మీద పని చూసుకుంటాను."

"ఒరే, అక్కకి ఏం చెప్పమంటావు?"

"ఆ నీళ్ళు కారిపోవడం నేను చూసేను" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

రత్తమ్మ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది, ఉడుకు అన్నం పెట్టింది, పెట్టి మళ్ళీ ఏడ్చింది. నాకు ముద్ద దిగలేదు. "పిల్ల దక్కింది. ఇంకేం కావాలి నీకు?" అంది. తెల్లారగానే రేవుకి వెళ్ళి ఎగువకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. దొర శవం వస్తుందేమోనని భయం. రాకపోతే అక్కడే కుళ్ళిపోతుందేమోనని ఇంకో భయం. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదోరోజు వెదురు తెప్ప మీద ఆయన వచ్చాడు. బతికే వచ్చాడు. తెప్ప వేసుకొచ్చిన కొండమనిషి ఆయన్ని ఊరికి ఎగువన ఇసకలో దింపి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయాడు. చాకళ్ళు చూసి ఆసుపత్రికి మోసుకుపోయారు. గుండు కుడి మోకాలి కింద దిగిందట. అప్పటికే కాలు నల్లబడిపోయింది. తీసెయ్యక తప్పలేదు.

నన్ను రమ్మని కబురొచ్చింది. పోలీసులనుకున్నాను. కాదు, దొరే. వెళ్ళాను. మంచం మీద సగానికి సగం అయిపోయి ఉన్నాడు. దుప్పటి కింద ఒక కాలి చోటు పల్లంగా ఉంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని నవ్వాడు.

"మీ ప్రమాణమే నన్ను కాపాడెను పల్లంరాజుగారూ" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. పడిపోయిన చోటికి నలుగురు వచ్చారు. ఒకడు గొడ్డలి ఎత్తాడు. అప్పుడీయన, నేను పోలీసుని కాను, గోదారి నీళ్ళు చేతబట్టి పల్లంరాజు మాటిచ్చి తెచ్చిన మనిషిని అన్నాడు. వాళ్ళలో పెద్దాయన గొడ్డలి ఆపించాడు. ఏ పల్లంరాజు, ఉప్పు తెచ్చే పల్లంరాజా, వాడు నీళ్ళు పట్టేడా అని మూడుసార్లు అడిగాడట. అవునంటే, వాడు నీళ్ళు పట్టి తెచ్చినవాణ్ణి చంపితే మాకు ఏరు తగులుతుందని, ఆకు పసరు వేసి కట్టు కట్టి, తెప్ప దొరికేదాకా గుడిసెలో దాచాడట.

అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

"ఒక్కటి అడుగుదును. నావ యేల వెడలిపోయెను?"

అందులో కోపం లేదు. తెలియక అడిగాడు, అంతే.

"తాడు తెగిపోయిందండి. ఏటివాలు లాగేసింది" అన్నాను.

మంచం పక్కన కూజా ఉంది. అందులో ఉన్నవి గోదారి నీళ్ళే. నా చూపు దానిమీదకి పోయింది, ఎందుకు పోయిందో తెలియదు. దొర అది గమనించి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వలదు, వలదు. నీరు వలదు. మీ మాట చాలును."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. జైలుకి భయపడ్డాననుకుంటారేమో, కాదు. ఆ మొహంలో నవ్వు ఆరిపోవడం చూడలేక ఊరుకున్నాను. దణ్ణం పెట్టి బయటికొచ్చేశాను.

కొత్తనీరు రాకముందే ఆయన కాలవ మీద కాకినాడ వెళ్ళి ఓడ ఎక్కేశాడు. కుర్చీలో కూర్చోబెట్టి రేవు మెట్లు దింపిన నలుగురిలో నేనొకణ్ణి. బరువు లేదు మనిషి. పడవ కదిలేముందు, పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో రాసిన ఒక చీటీ నా చేతిలో పెట్టాడు. ఆషాఢంలో లోవలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. వానలు వెనకబట్టాక అల్లుడూ తిరిగొచ్చాడు. గోదారమ్మ మా ఇంట్లో ఎవర్నీ తీసుకోలేదు. నా ఒట్టి చెయ్యి లెక్కలోకి రాలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అంతర్వేదికి రెండుసార్లు మనిషిని పంపాను. బుల్లబ్బాయి రానన్నాడు. మూడోసారి పంపేసరికి వాడు అక్కడా లేడు. ఎటు పోయాడో ఇప్పటికీ తెలియదు. కన్నుమూసేముందు రత్తమ్మ మంచంలో ఉండి ఒకే మాట అంది, "మా తమ్ముణ్ణి తీసుకుపోయింది గోదారి కాదు మావా, నువ్వు" అని.

దొర వెళ్ళిన దగ్గర్నించీ రేవులో నా పేరు మోగిపోయింది. తగవులొస్తే నన్నే మధ్యన నిలబెట్టేవారు. కొత్తగా వచ్చిన దొరలు పల్లంరాజు పడవే కావాలనేవారు, పైకి వెళ్ళొచ్చా అని నన్నే అడిగేవారు. వెళ్ళొద్దండి అనే చెప్పేవాణ్ణి. ఫితూరీ అణిగిపోయి పదేళ్ళయినా అదే చెప్పాను. ఎంత జాగ్రత్తో చూడండి అని ఇంకా మెచ్చుకున్నారు.

చీటీ గూట్లో ఉంది. ఆనాటి పసిపిల్లే మా సత్యకుమారి, మిషను బళ్ళో చదువుకుంది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అది తీసి పైకి చదువుతుంది. "ఈ నావికుని మాట నమ్మి నేను ప్రాణములతో నుంటిని. ఇటు వచ్చు పరదేశులందరును ఈతని నమ్మవచ్చును." చదివి, "మా తాత!" అని నా బుగ్గ గిల్లుతుంది.

మొన్న పొద్దున్న దాన్ని రేవుకి తీసుకెళ్ళాను. దానికయినా నీళ్ళు పట్టి నిజం చెప్దామని మోకాలి లోతుకి దిగాను. పుడిసిలి ముంచి తీశాను. కారిపోయాయి. మళ్ళీ ముంచాను, మళ్ళీ కారిపోయాయి. వాతంతో వేళ్ళు వంకర్లు పోయి ఒకదానికొకటి ఆనడం లేదు. ఎంత గట్టిగా బిగించినా నాలుగు సందుల్లోంచీ నీళ్ళు పోతున్నాయి.

"చలేస్తుంది, పైకి రా తాతా. ఏదో చెప్తానన్నావుగా, ఇక్కడ చెప్పు" అంది గట్టు మీంచి.

వచ్చి, దాని పక్కన మెట్టు మీద కూర్చుని, ఒట్టి చేత్తోనే మొదలెట్టాను.